ముందు చీటీ రాయండి, తర్వాత మేకు కొట్టండి

(కుటుంబ జ్ఞాపికల ప్రదర్శన, పరిరక్షణ మీద చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. "ఇంట్లో పెద్దవాళ్ల వస్తువుల్ని అందంగా ఎలా అమర్చుకోవాలో చెప్పండి" అని నన్ను పిలిచారు. అందం సంగతి నాకంత తెలియదండీ. నేను చేసిందల్లా మ్యూజియం వెనక గదుల్లో పాత వస్తువులు పాడవకుండా చూసే పని. కాబట్టి నా మాటల్లో చాలా వరకు "అది చెయ్యకండి, ఇది చెయ్యకండి" అనే వినిపిస్తుంది. ముందే చెప్తున్నాను, విసుక్కోకండి. (నవ్వులు)

ఈ విషయం మీద నన్ను ఎవరు పలకరించినా మొదట అడిగే ప్రశ్న ఒకటే. "నాన్నగారి గడియారం ఉందండీ, ఎక్కడ పెడితే బాగుంటుంది?" నేను తిరిగి అడుగుతాను: "ఆ గడియారం గురించి నాకేమైనా చెప్పండి." కొందరు అరగంట చెప్తారు. కొందరు "నాన్నగారిదండీ, అంతే" అంటారు. ఆ అరగంట చెప్పినవాళ్ల గడియారం గోడ మీదకు రావాలి. "అంతే" అన్నవాళ్ల గడియారం పెట్టెలో ఉన్నా నష్టం లేదు. ప్రేమ తక్కువని కాదు. చూసేవాడికి అందులో అందేది ఏమీ లేదు, అంతే సంగతి. పెట్టెలో పెడితే అవమానం అనుకుంటారు చాలామంది. ప్రపంచంలో ఏ పెద్ద మ్యూజియం తీసుకున్నా దాని సేకరణలో బయట కనిపించేది కొద్ది భాగమే. మిగతాదంతా లోపల చీకట్లోనే ఉంటుంది.

నేను చూసిన ఒక కత్తెర గురించి చెప్తాను. దర్జీ కత్తెర, ఇనుముది, బరువైనది. బొటనవేలు పెట్టే రింగుకి ఒక గుడ్డపీలిక చుట్టి ఉంది. నూనె, చెమట పట్టి నల్లబడి, తోలులా గట్టిపడిపోయింది. జాగ్రత్తగా చూస్తే పీలిక ఒక పక్కనే అరిగిపోయి, లోపలి పొర బయటపడింది. అంటే ఆ మనిషికి బొటనవేలి లోపలి వైపు ఇనుము ఒరుసుకుని నొప్పి పెట్టేది. అయినా కత్తెర మార్చలేదు, గుడ్డ చుట్టుకుని పని కానిచ్చింది. ఆ ఇంటివాళ్లు కత్తెరని పాలిష్ చేయించి ఫ్రేములో పెడదామనుకుంటున్నారు. గుడ్డపీలిక కోసేసి! "మురికిగా ఉంది కదండీ" అన్నారు. అయ్యా, అలాంటి కత్తెరలు ఎన్నో దొరుకుతాయి. ఆ పీలిక ఒక్కటే ఉంది. మీ ఇంటి మనిషి ఉన్నది దాన్లోనే.

అందుకని మొదటి మాట. శుభ్రం చెయ్యకండి. దుమ్ము దులపండి, మెత్తటి బ్రష్షుతో, అది చాలు. అరుగుదల, అతుకు, రఫూ, ఇంకు మరక, దారం కట్టిన కళ్లజోడు కాడ, ఇవి లోపాలు కావు. ఆ మనిషి చేతి వాడకం అక్కడే ఉంటుంది. వెండి వస్తువులు కూడా అంతే. వెండి నల్లబడేది గాలిలోని గంధక వాయువుల వల్ల. పాలిష్ చేసినప్పుడల్లా పైపొర కాస్త పోతుంది, దాంతో పాటు చెక్కిన అక్షరాలూ పోతాయి. పైన పూత మాత్రమే వెండి అయితే నాలుగుసార్లు రుద్దేసరికి కింది లోహం బయటపడుతుంది. నల్లబడకుండా చూసుకోవాలంటే రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డలు దాని దగ్గర ఉంచకండి. వాటిలో గంధకం ఉంటుంది. లోహాల గురించి ఇంతకన్నా చెప్పను, మన ఇళ్లలో ఎక్కువగా పాడయ్యేవి కాగితాలూ బట్టలూ.

రెండో మాట, వస్తువు పక్కన రాసిపెట్టే చీటీ. దీని మీద కొంచెం సేపు ఉంటాను, ఎవరూ చెయ్యని పని ఇదే.

క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో "మ్యూజియం ఆఫ్ బ్రోకెన్ రిలేషన్‌షిప్స్" అని ఒకటి ఉంది. విడిపోయిన బంధాల మ్యూజియం. విడిపోయిన ఇద్దరు కళాకారులు కలిసి మొదలుపెట్టారు. 2006లో తిరుగుడు ప్రదర్శనగా పుట్టి, 2010లో సొంత చోటు ఏర్పరచుకుంది. అందులో ఉన్నవి ఏమిటి? బొమ్మలు, చెప్పులు, ఒక గొడ్డలి కూడా. ఏ సంతలోనైనా దొరికేవి. పక్కన ఇచ్చినవాళ్లు రాసిన నాలుగు వాక్యాలు ఉంటాయి. జనం ఆ వాక్యాలు చదివి వస్తువు వైపు మళ్లీ చూస్తారు. చీటీ తీసేస్తే అది పాత సామాన్ల దుకాణం. నాకు తెలిసినంతలో ఇంటి జ్ఞాపికలు పెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు, అదేమో తెగిపోయిన బంధాల దగ్గర నుంచి వచ్చింది. (నవ్వులు)

చీటీ ఎలా రాయాలి? "అమ్మమ్మ శాలువా" అని రాస్తే ఏమవుతుందో ఆలోచించండి. మీకు అమ్మమ్మ, మీ అమ్మాయికి కాదు. మీ అమ్మాయి పిల్లలకి అమ్మమ్మ అంటే మీరో మీ ఆవిడో. ఇంకో ముప్ఫై ఏళ్లకి ఆ చీటీ చదివినవాళ్లు శాలువాని వేరే మనిషికి అంటగడతారు. వరస పేరు కదిలిపోతూ ఉంటుంది. కాబట్టి అసలు పేరు, ఇంటిపేరుతో సహా రాయండి. పుట్టిన ఏడు తెలిస్తే వెయ్యండి. ఆ తర్వాత వస్తువు ఎలా వచ్చింది, దాంతో ఏం చేసేవారు, ఇప్పుడు మీ దగ్గరికి ఎలా చేరింది. చివర్న మీ పేరు, రాసిన తేదీ. ఎవరు చెప్తున్నారో తెలియకపోతే ఆ కథకి విలువ లేదు.

ఇంకో సంగతి. పొగడకండి. "ఎంతో ప్రేమమూర్తి, త్యాగమయి" అని రాస్తే ఎవరికీ ఏమీ కనిపించదు. "రాత్రి కరెంటు పోతే ఈ శాలువా నా మీద కప్పి తను చలిలో కూర్చునేది, పొద్దున్న అడిగితే నాకు ఉక్కపోసిందిలే అనేది" అని రాయండి. త్యాగం అన్న మాట మీరు వాడనక్కర్లేదు. తిట్టేవారైతే తిట్టేవారనే రాయండి. పెద్దాయన ఈ గొడుగుతో మమ్మల్ని ఎన్నిసార్లు కొట్టారో అని రాసిన ఒక చీటీ చూశాను. ఆ ఇంటి పిల్లలందరికీ ఆ ప్రదర్శనలో అదే ఇష్టం.

అరవై, డెబ్బై దాటిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, వస్తువు వాళ్ల చేతికిచ్చి ఫోన్‌లో రికార్డు నొక్కండి. "మీ చిన్నప్పటి సంగతులు చెప్పండి" అని అడిగితే ఏమీ గుర్తుకు రావు. చేతిలో వస్తువుంటే వేళ్లు ముందు మాట్లాడతాయి, నోరు తర్వాత. అదీ ఇవాళే చెయ్యండి. ఫ్రేము వచ్చే ఏడు కొనుక్కోవచ్చు.

సరే, ఇప్పుడు గోడ సంగతికి వద్దాం.

గోడ మీద పెట్టినదానికి పెద్ద శత్రువు వెలుతురు. నీళ్లు పడితే ఆరబెట్టుకుంటాం, విరిగితే అతికించుకుంటాం. వెలిసిన రంగుని వెనక్కి తెచ్చే దారి లేదు. పైగా అది కూడుతూ పోతుంది. ఇవాళ పడిన వెలుతురు, రేపటిది, ఎల్లుండిది, అన్నీ ఒకే ఖాతాలో జమ. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన అసలు ప్రతి ఉంది కదా, దాన్ని 1841 నుంచి 1876 దాకా వాషింగ్టన్‌లో పేటెంట్ ఆఫీసు భవనంలో కిటికీకి ఎదురుగా గోడకి వేలాడదీశారు. గౌరవించే ఉద్దేశంతోనే! ఇవాళ ఆ సంతకాలు చాలా వరకు కంటికి ఆనడం లేదు. వెలిసిపోవడానికి పెద్ద కారణాల్లో ఆ కిటికీ ఒకటి. ఇప్పుడు ఆర్గాన్ వాయువు నింపిన పెట్టెలో, మసక వెలుతురులో పెట్టి కాపాడుతున్నారు.

వెలుతురుని లక్స్‌లలో కొలుస్తారు. చేతిరాత కాగితాలు, అద్దకం బట్టలు, నీటిరంగుల బొమ్మలు, వీటికి మ్యూజియంలు మామూలుగా 50 లక్స్ దాటనివ్వవు. అందుకే ఆ గదులు మసగ్గా ఉంటాయి, కరెంటు పొదుపు కోసం కాదు. ఎండ పడే కిటికీ పక్కన సులువుగా 5,000 లక్స్ ఉంటుంది. లెక్క చూడండి. 50 లక్స్‌లో పది గంటలు ఉంటే ఎంత దెబ్బో, ఆ కిటికీ పక్కన ఆరు నిమిషాలకే అంత దెబ్బ. అతినీలలోహిత కిరణాలని ఆపే అద్దాలు వచ్చాయి, మంచివే, వేయించుకోండి. కానీ అవి సగం పనే చేస్తాయి. కంటికి కనిపించే వెలుతురు కూడా రంగుని తింటుంది.

మరేం చెయ్యాలి? నకలు వేలాడదీయండి. అసలుది చీకట్లో పెట్టండి.

ఈ మాట అనగానే కొందరి ముఖాలు చిన్నబోతాయి. "నకలు పెడితే మోసం కాదా అండీ?" కాదండీ. ఉత్తరాన్నీ ఫొటోనీ దూరం నుంచి చూసేటప్పుడు మీ కంటికి కావలసింది రూపం. ముట్టుకోవాలనిపించిన రోజు లోపలికెళ్లి అసలుది తీసుకుంటారు. మంచి స్కాను, మంచి కాగితం మీద మంచి ప్రింటు, పెద్దది చేసుకునే వీలు కూడా ఉంటుంది. చిన్న ఫొటోలైతే కనీసం 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన, స్కాన్ చేయించండి. ఉత్తరమైతే రెండు వైపులా. వెనక వైపు ఎవరో పిల్లాడు పెన్సిలుతో గీసిన పిచ్చి గీతలుంటాయి, బజారు సామాన్ల జాబితా ఉంటుంది. ముందు వైపు యోగక్షేమాలకన్నా ఆ జాబితాలోనే ఎక్కువ జీవితం కనిపించిన ఉత్తరాలు చాలా చూశాను. కలర్ ఫొటోల సంగతి మరీ చెప్పాలి. పాత కలర్ ప్రింట్లు చీకట్లో ఉన్నా మెల్లగా రంగు మారతాయి. వాటిని ముందు స్కాన్ చేయించండి, నలుపు తెలుపువి కాస్త ఆగగలవు.

వస్తువుల విషయంలో మాత్రం నకలు కుదరదు. కత్తెరకి జిరాక్సు ఏం తీస్తాం?

కాగితాలకి మనం చేసే అతి పెద్ద ద్రోహం లామినేషన్. పత్రం దొరికిందంటే చాలు, పరుగెత్తుకెళ్లి ప్లాస్టిక్ అతికించేస్తాం. వేడి మీద జిగురు కాగితం పీచుల్లోకి దిగిపోతుంది, ఇక ఆ పొరని కాగితం చిరక్కుండా ఊడదీయడం దాదాపు అసాధ్యం. దాని బదులు పాలియెస్టర్ కవరులో పెట్టండి. పాలీప్రొపిలీన్ అయినా ఫర్వాలేదు. పీవీసీ వద్దు, దానిలోంచి ఊరే రసాయనాలు కాగితాన్నీ ఫొటోనీ పాడుచేస్తాయి. ముట్టుకుంటే జిడ్డుగా అంటుకుని, ఘాటుగా వాసన కొట్టే కవరు కనిపిస్తే ముందు దాన్ని మార్చండి. సెలోటేపు, గుండుసూదులు, జెమ్ క్లిప్పులు, స్టాప్లర్ పిన్నులు, అన్నీ తీసేయండి. వార్తాపత్రిక ముక్కని మంచి కాగితాలతో కలిపి పెట్టకండి. వార్తాపత్రికలది చెక్కగుజ్జు కాగితం, అందులో లిగ్నిన్ అనే చెక్కలోని పదార్థం ఉంటుంది, దానివల్ల కాగితం పసుపెక్కి ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం పక్క కాగితానికీ పాకుతుంది. పాత ఆల్బం తెరిస్తే కటింగు ఆకారంలోనే ఎదుటి పేజీ మీద గోధుమరంగు నీడ పడి ఉంటుంది చూడండి, అదే ఇది.

ఫొటో ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం ఫొటోకి తగలకూడదు. ఫొటో పైన జెలటిన్ పొర ఉంటుంది, తేమకి మెత్తబడి అద్దానికి అతుక్కుపోతుంది. తర్వాత లాగితే ముఖం అద్దంతో వచ్చేస్తుంది. మధ్యలో మౌంటు అట్ట, అంటే ఫొటో చుట్టూ అంచులా వచ్చే అట్ట వేయించండి, ఆమ్లం లేని అట్ట అని అడిగి మరీ వేయించండి. ఫొటోని జిగురుతో అంటించొద్దు, మూలలకి కాగితపు కొక్కేలు చాలు. ఫ్రేము కింది రెండు మూలల వెనక చిన్న కార్కు ముక్కలు పెడితే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది. వాన తడి తగిలే బయటి గోడ, వంటగది గోడ, స్నానాలగది అవతలి గోడ, ఇవి మూడూ వద్దు. గాలిలో తేమ 65, 70 శాతం దాటి నిలిచిందంటే బూజు పట్టడం మొదలవుతుంది.

బట్టలు. శాలువా, చొక్కా, పసిబిడ్డ టోపీ. మొత్తం పరిచి చూపించాలనే ఆశ వదులుకోండి. హ్యాంగరుకి తగిలిస్తే బట్ట బరువంతా భుజాల దగ్గర దారాల మీద పడి ఏళ్ల తరబడి లాగుతుంది. మడిచి, రఫూ చేసిన మూల పైకి కనిపించేలా లోతు ఫ్రేములో పెట్టండి. అట్టకి మెత్తటి నూలుబట్ట కప్పి, దానికి సన్నటి దారంతో నాలుగైదు చోట్ల కుట్టు వెయ్యాలి. సూది దారాల మధ్యనుంచి పోవాలి, దారాన్ని చీల్చకూడదు. జిగురు అస్సలు వద్దు, తుప్పు పట్టే పిన్నులూ వద్దు. మడత గట్టిగా నొక్కితే ఆ గీత వెంబడే బట్ట చిరుగుతుంది, అందుకని మడత లోపల చుట్టిన గుడ్డ పెట్టి గుండ్రంగా ఉంచండి. ఏడాదికోసారి తీసి వేరే బట్ట పెడితే దీనికి విశ్రాంతి, చూసేవాళ్లకి కొత్తదనం. ఎప్పుడూ ఒకటే ఉన్న గోడని ఇంట్లోవాళ్లు చూడ్డం మానేస్తారు. లోపల దాచేవాటిలో కలరా ఉండలు వెయ్యకండి, ఆ ఆవిరి మనుషులకీ మంచిది కాదు, కొన్ని ప్లాస్టిక్కులకీ మంచిది కాదు. ఎప్పటికప్పుడు తీసి చూసుకోవడమే పురుగుకి మందు.

ఇక అమరిక. షోకేసులో అందరివీ అన్నీ కిక్కిరిసేలా పెట్టడం మన అలవాటు. ఎవరి వస్తువు వదిలేశామో అన్న భయం. దాంతో ఏదీ కనిపించదు. ఒక మనిషివి రెండో మూడో ఒకచోట పెట్టండి. ఆ మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడాలి. కళ్లజోడు, ఆయన చదివి పేజీ అంచున గీతలు గీసిన పుస్తకం, ఆ గీతలు గీసిన పెన్ను. ఇక ఫొటో కూడా అక్కర్లేదు. చుట్టూ ఖాళీ ఉంచండి. మ్యూజియంలలో బొమ్మ నడిమి భాగం నేల నుంచి సుమారు 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తున ఉండేలా చూస్తారు, నిలబడి చూసేవాళ్ల కంటి ఎత్తు అది. ఇంట్లో కూర్చుని చూస్తాం, పిల్లలుంటారు. ఇంకా కిందికి దించండి. తలెత్తి చూడాల్సినంత ఎత్తులో పెట్టిన వస్తువుకి దండం పెడతారు గానీ చదవరు.

అన్నీ గోడకే ఎక్కాలని లేదు. నడుస్తున్న పెన్ను రాయడానికి వాడండి. గట్టిగా ఉన్న కుర్చీలో కూర్చోండి. వాడుకలో ఉన్న వస్తువు చుట్టూ మాటలు వాటంతటవే పుడతాయి, "జాగ్రత్త, అది ముత్తాత కుర్చీ" అని రోజూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. అరిగిపోతుందంటారా? అరగనివ్వండి. ఇక్కడ నా వృత్తివాళ్లు నాతో ఒప్పుకోరు. మ్యూజియం వస్తువు అందరిదీ, దాన్ని అలా వాడే హక్కు మాకు లేదు. ఇంటి వస్తువు మీది.

ఒక్క మాట, బాధ పెట్టే వస్తువులుంటాయి. హఠాత్తుగా పోయినవాళ్లవి. హాల్లో పెట్టే ముందు ఇంట్లో అందరినీ అడగండి. ఒకరికి ఓదార్పు అయింది ఇంకొకరికి రోజూ గుచ్చుకోవచ్చు. ఎదురుగా కాకుండా లోపలి గదిలో పెట్టుకుంటే సరిపోతుంది చాలాసార్లు.

ఏమైనా ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: మేం నలుగురం అన్నదమ్ములం. నాన్న వస్తువు ఒక్కటే మిగిలింది. ఎవరి దగ్గర ఉండాలనే దగ్గర మాటా మాటా వస్తోంది.)

వస్తువుని కొయ్యకండి ముందు. నవ్వకండి, కోట్లు, దుప్పట్లు కోసి పంచుకున్నవాళ్లున్నారు. ఏడాదికొకరి దగ్గర తిరగనివ్వండి. కానీ నలుగురూ విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా చీటీ రాయండి. నాలుగు చీటీలూ వస్తువుతో పాటే ప్రయాణం చెయ్యాలి. ఒకే నాన్న గురించి నాలుగు రకాలుగా ఉంటుంది, ఏది నిజమని కొట్టుకోకండి. నాలుగూ ఉంచండి.

(మరో శ్రోత: ఫొటోల వెనక పేర్లు రాయొచ్చా సార్?)

పాత కాగితపు ఫొటో అయితే మెత్తటి పెన్సిలుతో, అంచున, అదిమిపట్టకుండా. బాల్‌పెన్ వద్దు, అచ్చు ముందు వైపుకి తేలుతుంది. ఈమధ్యవి ప్లాస్టిక్ పూత ఉన్నవి, వాటి మీద పెన్సిలు పట్టదు. కవరు మీద రాసి ఫొటో అందులో పెట్టండి. రాయడం ముందు, పెట్టడం తర్వాత, లేకపోతే గీత దిగుతుంది. గ్రూపు ఫొటోకి పలచటి కాగితం మీద తలల ఆకారాలు గీసి నంబర్లు వేసుకోండి.

(మరో శ్రోత: మా అమ్మ గొంతు ఒక క్యాసెట్‌లో ఉంది. దాన్ని ఫ్రేము కట్టిద్దామని...)

ఫ్రేము తర్వాత. క్యాసెట్ పైఅంచున రెండు చిన్న ప్లాస్టిక్ రేకులుంటాయి. ఇవాళ ఇంటికెళ్లగానే అవి విరిచేయండి, ఇక దాని మీద పొరపాటున ఎవరూ రికార్డు చెయ్యలేరు. తెల్లగా బూజు కనిపిస్తే మాత్రం ప్లేయరులో పెట్టకండి, తెలిసినవాళ్లకి ఇవ్వండి. బాగానే ఉంటే ఒక్కసారే వినిపించేలా ఏర్పాటు చేసుకుని, అప్పుడే కంప్యూటర్‌లోకి వేవ్ (WAV) ఫైలుగా, అంటే శబ్దాన్ని కుదించకుండా దాచే ఫైలుగా ఎక్కించండి. రెండు ప్రతులు, రెండు వేరు వేరు ఇళ్లలో. అయస్కాంతపు టేపు కలకాలం ఉండదు, వినిపించే యంత్రాలూ తగ్గిపోతున్నాయి. అదంతా అయ్యాక, క్యాసెట్ మీద అమ్మగారి చేతిరాత ఉందా? ఉందా! అయితే ఆ వైపు కనిపించేలా ఫ్రేము కట్టించండి, కిటికీకి దూరంగా.